అరవై ఎనిమిది డిగ్రీల బత్తాయి తోట

సూర్యుడి మీద తుఫాను లేచిందని సర్కారుకు తెలిసిన వారంలోనే మాలకొండయ్య పొలంలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. సంబంధం లేనివాటికి సంబంధం కలపడానికే దేశంలో ఆఫీసులు కట్టించారు.

ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు కాలిందో మాలకొండయ్యకు తెలుసు. దిమ్మె మీదున్న ఫ్యూజు పెట్టెకు అడుగున అరచేతంత బెజ్జం ఉంది. దాన్ని మూయించమని రెండేళ్లుగా అడుగుతున్నాడు. మే నెల ఇరవయ్యో తేదీన ఎండకు తాళలేక ఒక తొండ నీడ వెతుక్కుంటూ ఆ బెజ్జంలో దూరింది. ఢామ్మని చప్పుడైంది. నూనె కారింది, పొగ లేచింది. దిమ్మె కింద తొండ బొగ్గయి పడింది. మాలకొండయ్య దాన్ని పాత పేపరులో పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆఫీసులో నోటిమాట చెల్లదని అతనికి అనుభవం.

ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒక్కటే బోరు. ఆ బోరు కింద నాలుగెకరాల బత్తాయి తోట, నాలుగొందల చెట్లు. ఎనిమిదేళ్ల కిందట వాటిని నాటింది అతని భార్య రత్తమ్మ. మొదటి రెండు వేసవులూ బిందెలతో మోసి పోసింది. బోరు తర్వాత వేసిందే. రత్తమ్మ పోయి మూడేళ్లయింది. ఆసుపత్రి కాగితం మీద ఒక ముద్ర తక్కువైంది. ముద్ర వేయించుకొచ్చేసరికి మనిషి లేదు. అప్పటినుంచి మాలకొండయ్య ఎక్కువ మాట్లాడడు. మాట్లాడితే ఎదుటివాడికి నచ్చదు.

రోహిణి కార్తె ఎండలో కాపుమీదున్న బత్తాయి నీళ్లు లేకుండా పదిహేను రోజులు ఓర్చుకుంటుంది. ఆ తర్వాత ఓర్చుకోదు.

"నువ్వేం దిగులు పడమాక బాబాయ్," అన్నాడు లైన్‌మన్ మస్తాను. "కాలిన ట్రాన్స్‌ఫార్మర్ రెండు రోజుల్లో మార్చాలని రూలుంది. ట్రాక్టరు నీది, ఎత్తేదానికి మనుషులు నీవోళ్లు, తాళ్లు నీవి. మిగతాదంతా గవర్నమెంటే చూసుకుంటది."

"మిగతాది ఏముందిరా?"

"సంతకం."

ఆ సంతకం పెట్టవలసినవాడు విద్యుత్ శాఖ ఏఈ రాజశేఖరం. మాలకొండయ్య అతని బల్ల మీద పొట్లం విప్పాడు.

"ముందది తియ్యవయ్యా. టీ తాగుతున్నా," అన్నాడు ఏఈ.

"సాక్ష్యం సారూ. ఇది దూరబట్టే కాలింది."

"అలా తొందరపడి నిర్ధారణకు రాకూడదు. పొద్దున్నే కొత్త సర్క్యులర్ వచ్చింది," అని ఏఈ గొంతు సవరించుకుని చదివాడు.

సూర్యుడు అప్పుడప్పుడు నిప్పు కక్కుతాడట. విద్యుత్తూ అయస్కాంతమూ కలగలిసిన ఆ వేడిగాలి రెండు మూడు రోజుల్లో భూమిని తాకుతుందట. ధ్రువాలకు దగ్గరగా, అంటే అక్షాంశం బాగా ఎక్కువున్న దేశాల్లో, పై గాలి వేడెక్కి ఉబ్బుతుందట. ఆకాశంలో పచ్చటి వెలుగులు ఆడతాయట. రేడియోలు మూగబోతాయి. పొడవాటి తీగల్లో ఎవరూ పంపని కరెంటు పుడుతుంది. పెద్ద పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోతాయి. కనుక ఇకనుంచి ఏ ట్రాన్స్‌ఫార్మర్ కాలినా ముందుగా సూర్యుణ్ణి అనుమానించవలెను.

కాగితంలో ఉన్నదంతా నిజమే. దాన్ని ఈ మండలానికి పంపడం ఒక్కటే పొరపాటు.

"సారూ, మనకాడ పచ్చ వెలుగు యాడుంది? తొండ నా చేతిలోనే ఉంది గదా."

ఏఈ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "చూడు పెద్దాయనా. కారణం తొండ అని రాస్తే, బెజ్జం ఎందుకు మూయలేదని నాకు మెమో వస్తుంది. సూర్యుడు అని రాస్తే ఎవరికీ రాదు. సూర్యుడికి మెమో ఇచ్చే అధికారి ఈ జిల్లాలో లేడు."

రాసేశాడు. ముద్ర కూడా వేశాడు. ఈసారి ముద్రకు ఆలస్యం కాలేదు.

"మరి ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడొస్తది?"

"అది ఇక నా చేతుల్లో లేదు. సూర్యుడి ఫైళ్లన్నీ నోడల్ అధికారి దగ్గరికి పోవాలి."

నోడల్ అధికారి భవానీశంకరం. కిందటి వారందాకా మండలాఫీసులో సూపరింటెండెంటు. ఇప్పుడు పశువుల ఆసుపత్రి పాత గదిలో 'మండల ఎగువ వాతావరణ విక్షోభ నివారణ, పర్యవేక్షణ మరియు సమన్వయ విభాగం' అతనిదే. బోర్డు గోడకంటే పొడుగు కావడంతో 'సమన్వయ విభాగం' మూల తిరిగి పక్క గోడ మీదికి పోయింది. ఆవులకు సూదులు వేసే ఇనప చట్రం ఇంకా గది మధ్యనే ఉంది. అర్జీదార్లు అందులో నిలబడాలి.

మాలకొండయ్య చట్రంలో నిలబడ్డాడు.

"సదరు సంఘటన సమయమున తమరు గగనతలమునందు ధ్రువకాంతిని వీక్షించితిరా?" అని అడిగాడు భవానీశంకరం.

"ఏందది?"

"పచ్చ వెలుగయ్యా. నేలకు వంద కిలోమీటర్ల పైన."

"చూళ్లా. పొద్దున పది గంటలకు కాలింది. అప్పుడు ఎండ."

"ఎండ ఉండటం చేత కాంతి కానరాలేదు అని రాస్తాను. కానరాలేదంటే లేదని కాదు గదా." రాసుకున్నాడు. ఇద్దరు గౌరవనీయ సాక్షులు కూడా చూడలేదని సంతకాలు తెమ్మన్నాడు. తర్వాత ఒక పేజీ దగ్గర ఆగి కళ్లజోడు తీశాడు.

"ఒక సాంకేతిక ప్రతిబంధకము. ఈ పథకం అక్షాంశం అరవై ఆరు దాటిన ప్రాంతాలకే వర్తిస్తుంది. మన మండలం పదిహేనున్నర."

మాలకొండయ్యకు ప్రాణం లేచొచ్చింది. "అయితే నాది సూర్యుడి కేసు కాదు గదా. కాగితం ఏఈ గారికే తిప్పి పంపండి. తొండ అని రాసుకుంటాడు."

"ఎలా పంపుతాం? ఒకసారి సూర్యుడి మీద నమోదైన ఫైలును తొండ మీదికి దించే ఏర్పాటు సర్క్యులర్‌లో లేదు."

"మరెట్టా?"

భవానీశంకరం మొహంలో వెలుగు కనిపించింది. పచ్చటిది కాదు, అతని సొంతది. "మార్గం ఒక్కటే. మండలం అక్షాంశం పెంచుకోవాలి."

మర్నాడే మండల సర్వసభ్య సమావేశం పెట్టారు. అక్షాంశం ఎక్కువున్న మండలాలకు కొత్త జీపూ కొత్త భవనమూ వస్తాయని తెలిసి, ఎప్పుడూ రాని సభ్యులు కూడా వచ్చారు. మండలాధ్యక్షురాలు సుబ్బరత్నమ్మ కుర్చీలో కూర్చుంది. ఆమె భర్త పక్క కుర్చీలో కూర్చుని మాట్లాడాడు. మాలకొండయ్యను 'బాధిత రైతు' అనే అట్టముక్క మెడలో వేసి ముందు వరసలో కూర్చోబెట్టారు.

"అరవై ఆరు చాలు గదా?" అన్నాడు అధ్యక్షురాలి భర్త.

"పక్క మండలం అరవై ఏడు అడుగుతోందంట," అన్నారెవరో.

"అయితే మనది అరవై ఎనిమిది!"

ప్రతిపక్ష సభ్యుడు లేచాడు. "తొంభై దాకా ఉంటే మనకు అరవై ఎనిమిదేంది? వెనకబడిన మండలమని లోకువా? తొంభై ఇచ్చి తీరాల!"

"తొంభైలో ఎటు నిలబడినా దక్షిణమేనంట," అన్నాడు ఊళ్లో వాస్తు చెప్పే సభ్యుడు. "ఒక్క ఇంటికీ ఉత్తర వాకిలి ఉండదు. మీ ఇష్టం."

దక్షిణ వాకిలి మాటకు ప్రతిపక్షం కూడా జంకింది. అయినా పరువు కోసం వాకౌట్ చేసి, బయట టీ తాగి, మళ్లీ లోపలికొచ్చింది.

కొత్తగా వచ్చిన సర్వేయరు ఒకడు చెయ్యెత్తాడు. "సార్, అక్షాంశం మారాలంటే భూమి కదలాలి గదా?"

భవానీశంకరం జాలిగా నవ్వాడు. "నీ సర్వీసెంత నాయనా?"

"నాలుగు నెలలు సార్."

"అదీ సంగతి. నేను రెవెన్యూలో ఉండగా ఒక చెరువును అరవై ప్లాట్లు చేశాను. ఒక కొండను మూడు మైళ్లు జరిపాను. ఎప్పుడైనా గడ్డపార పట్టానా? కదలవలసింది భూమి కాదు, రికార్డు."

తీర్మానం ఏకగ్రీవమైంది. ఆ రోజు మధ్యాహ్నం మూడుంపావుకు మండలం అరవై ఎనిమిది డిగ్రీలకు చేరింది. ఎవరికీ కుదుపు తెలియలేదు.

"నా ట్రాన్స్‌ఫార్మర్?" అన్నాడు మాలకొండయ్య.

"ముందు చప్పట్లు కొట్టు పెద్దాయనా. అందరూ కొడుతున్నారు," అన్నాడు అధ్యక్షురాలి భర్త.

అది ఏడో రోజు. తోటలో ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి.

అక్షాంశం ఒంటరిగా రాదు. వెనకాల రూళ్లను వెంటబెట్టుకుని వస్తుంది. ముందు కంబళ్లు వచ్చాయి. రోళ్లు పగిలే రోహిణి ఎండలో ఇంటికి రెండు ఉన్ని కంబళ్లు పంచారు. కప్పుకుని ఫోటో దిగితేనే ఇస్తామన్నారు. ఫోటోలో ఇద్దరు ముసలాళ్లు సొమ్మసిల్లారు. చలికి తట్టుకోలేకపోయారని రిపోర్టు రాశారు.

తర్వాత వ్యవసాయ శాఖవాళ్లు వచ్చి, మంచు జింకలు తినే పాచి విత్తనాల సంచి ఒకటి మాలకొండయ్య చేతిలో పెట్టారు.

"ఇదేంది?"

"అరవై ఎనిమిది డిగ్రీల్లో బత్తాయి పండదు. మీ తోటను పంట నమోదులోంచి తీసేశాం. ఇక్కడ పాచి పెంచుకోండి."

"నా తోట ఇదిగో, నీ వెనకాలే ఉంది."

ఆ కుర్రాడు వెనక్కి తిరిగి నాలుగొందల చెట్లను చూశాడు. చేతిలో ఫోన్ చూశాడు. ఫోన్‌ను నమ్మాడు.

మాలకొండయ్య పొట్లం విప్పి తొండను చూపించాడు. అదీ చెల్లలేదు. అంత చలిప్రాంతంలో తొండలు బతకవు గనక అది తొండ కాదన్నారు.

అన్నింటికంటే పెద్దది సూర్యుడి రూలు. అరవై ఎనిమిది డిగ్రీల్లో మే నెల చివర ఉదయించిన సూర్యుడు జూలై దాకా అస్తమించడు. ఇది కూడా నిజమే. కనుక మండలంలో వీధి దీపాలు తీసేశారు. ఆఫీసుల్లో హాజరు పట్టీలో అందరూ ఒకసారి సంతకం పెట్టి, రోజు పూర్తయ్యాక వస్తామని వెళ్లిపోయారు. అయినా మామూలుగా సాయంత్రం ఆరున్నరకు పొద్దు గుంకుతూనే ఉంది. దండోరా వేయించారు: "ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, అనధికార సూర్యాస్తమయములను ప్రజలు నమ్మరాదు."

పదమూడో రోజున మాలకొండయ్య మళ్లీ ఆవుల చట్రంలో నిలబడ్డాడు. ఈ లోపు పక్క పొలంనుంచి డ్రమ్ముల్లో నీళ్లు తోలి నలభై చెట్లకు పోశాడు. అంతకు మించి చేతకాలేదు. ఏ నలభై అని ఎంచుకోవడం నీళ్లు తోలడంకంటే కష్టమైంది. రత్తమ్మ మొదట నాటిన వరసకు పోశాడు.

"రెండు రోజుల్లో మార్చాలని మీ రూలే గదా సారూ. పదమూడు రోజులయింది."

భవానీశంకరం క్యాలెండరు వైపు చూడనైనా లేదు. కిటికీలోంచి సూర్యుణ్ణి చూశాడు. "రోజు అంటే ఏమిటయ్యా? పొద్దు పొడిచినదాని నుంచి పొద్దు గుంకి మళ్లీ పొడిచేదాకా. ఈ మండలంలో పొద్దు గుంకిందా?"

"రోజూ గుంకుతానే ఉంది."

"అధికారికంగా?"

భవానీశంకరం తనే రిజిస్టరు తిప్పి చూసి తల అడ్డంగా ఊపాడు.

"గుంకలేదు. అంటే ఇంకా మొదటి రోజే నడుస్తోంది. రెండు రోజుల గడువుకు ఇంకా చాలా టైముంది. నువ్వే తొందరపడుతున్నావు."

మాలకొండయ్య చట్రంలోంచి బయటికొచ్చాడు. చెప్పు తియ్యాలనిపించింది. ఆ చెప్పుతో ఇంకా చాలాసార్లు తిరగాలని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

పదహారో రోజు పొద్దున జీపొకటి తోట ముందు ఆగింది. అందులోంచి భవానీశంకరం, ఏఈ దిగారు. ఇద్దరికీ చెమటలు. ఏఈ చేతిలో కూల్‌డ్రింకు సీసా ఉంది. దాన్ని మాలకొండయ్య చేతిలో పెట్టాడు.

"పెద్దాయనా, బాగున్నారా?" అన్నాడు.

మాలకొండయ్య గబుక్కున పొలం గట్ల కేసి చూసుకున్నాడు. ఆఫీసరు మర్యాదగా మాట్లాడితే తన పొలం పోయినట్టే అని అతని లెక్క.

సంగతేమిటంటే, రాజధాని నుంచి ప్రధాన కమిషనరు వస్తున్నాడు. మండలం నిజంగా అరవై ఎనిమిదిలో ఉందో లేదో కళ్లారా చూసి జీపు మంజూరు చేస్తాడు. ధ్రువకాంతి ఎక్కడ అని అడిగితే చూపించాలి. మండలం మొత్తానికి సూర్యుడి మీద నమోదైన ఫైలు ఒక్కటే, మాలకొండయ్యది. కనుక వెలుగు అతని తోట మీదే పడాలి.

"పెళ్లిళ్ల లైటింగు వాళ్లను మాట్లాడాం. పచ్చ ఫోకస్ లైట్లు ఇరవై," అన్నాడు భవానీశంకరం. "జనరేటరు పెడితే చప్పుడుకు దొరికిపోతాం. అందుకని ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ బిగిస్తున్నాం. తమరు భూమి యజమాని గనక అంగీకార పత్రం మీద..."

మాట పూర్తి కాకముందే లారీ వచ్చింది. లారీ మీద క్రేను. ఆ మండలంలో విద్యుత్ శాఖకు క్రేను ఉందని మస్తానుకు కూడా తెలియదు. ఇరవై ఏళ్లుగా రైతుల ట్రాక్టర్లు, రైతుల తాళ్లు, రైతుల భుజాలే చూశాడు. గంటన్నరలో కొత్త ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద కూర్చుంది.

మాలకొండయ్య సీసా మూత తియ్యకుండానే గట్టు మీద పెట్టాడు. "సంతకం పెడతా. బోరుకు కూడా తీగ కలపాల."

"అదెలా కుదురుతుంది?" అన్నాడు ఏఈ. "రికార్డులో ఇక్కడ తోటే లేదు. తోట లేనిచోట వ్యవసాయ కనెక్షన్ ఇస్తే నా ఉద్యోగం పోతుంది."

"తోట లేదా?"

"లేదు."

"తోట లేనప్పుడు బోరెందుకుంటది?"

"ఉండదు."

"లేని బోరుకు తీగ కలిపితే రూలు ఎట్టా తప్పుద్ది సారూ?"

ఏఈ భవానీశంకరం వైపు చూశాడు. భవానీశంకరం కళ్లజోడు తుడుచుకుని సర్క్యులర్ తిరగేశాడు. చివరి పేజీ దాకా పోయి తల పైకెత్తాడు. "లేని బోరుకు కనెక్షన్ ఇవ్వరాదని ఎక్కడా లేదు," అన్నాడు. అతని గొంతులో మొదటిసారి గౌరవం వినిపించింది. "పెద్దాయనా, తమరు సర్వీసులో ఉండవలసినవారు."

"తిట్టమాక సారూ," అన్నాడు మాలకొండయ్య.

మస్తాను తీగ కలిపాడు.

సాయంత్రం ఆరున్నరకు ప్రధాన కమిషనరు మూడు కార్లతో దిగాడు. పొద్దు అనధికారంగా గుంకింది. తోట మీద పచ్చటి వెలుగులు లేచి అటూ ఇటూ ఆడాయి. పోయిన వారం ఒక పెళ్లికి వాడిన సామాను గనక మధ్య మధ్య ఆకాశంలో ఒక గులాబీ పువ్వు కూడా తిరిగింది. కమిషనరు చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు.

"అద్భుతం," అన్నాడు. తర్వాత నుదురు చిట్లించాడు. "కాని ఈ కాలంలో ఇక్కడ సూర్యుడు అస్తమించకూడదు కదా. ఈ చీకటి ఎలా వచ్చింది?"

భవానీశంకరం ఒక అడుగు ముందుకేశాడు.

"తమరి రాక సందర్భంగా ప్రత్యేకంగా ఏర్పాటు చేశాం సార్."

"వెరీ గుడ్. చొరవ ఉన్న మండలం." కమిషనరు చెవి పెట్టి విన్నాడు. "ఆ గుర్రుమనే చప్పుడేమిటి?"

బోరు మోటారు చప్పుడది. "పై గాలి విక్షోభం సార్. వేడెక్కి ఉబ్బుతోంది."

కమిషనరు అడుగు ముందుకు వేశాడు. బూటు బురదలో దిగబడింది. కాలవలోంచి నీళ్లు జలజలా వచ్చి ప్యాంటు అంచు తడిపాయి. "ఇవేం నీళ్లు?"

"మంచు కరుగుతోంది సార్."

కమిషనరు గంభీరంగా తలూపి, పర్యావరణం గురించి రెండు నిమిషాలు బాధపడ్డాడు. అందరూ తల వంచుకుని ఆ బాధ విన్నారు. మాలకొండయ్య ఒక్కడే కమిషనరును చూడలేదు. పార పట్టుకుని మొదటి వరస చెట్ల పాదుల్లోకి నీళ్లు మళ్లిస్తున్నాడు. ఎండిన పాదులో నీళ్లు పడి నేల చిటపటలాడింది. పచ్చ వెలుగులో ఆకులు బతికున్నవో చచ్చినవో తెలియడం లేదు. ఒక్కొక్కదాన్నీ చేత్తో నలిపి చూశాడు.

"ఆ మనిషెవరు?" అన్నాడు కమిషనరు.

"ధ్రువప్రాంత రైతు సార్. పాచి వేస్తాడు."

మర్నాడు లైట్లు ఇంకో పెళ్లికి పోయాయి. ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా విప్పబోయారు. మాలకొండయ్య అడ్డం నిలబడ్డాడు.

"విప్పుకోండి. ఈ మండలంలో వెలుగు నిన్నటితో ఆరిపోయిందని కాగితం మీద రాసిచ్చి విప్పుకోండి. మీకు మంజూరైన జీపు గూడా తిరిగి పోద్ది."

ఎవరూ విప్పలేదు. రాసిచ్చేవాడు లేడు.

వర్షాలు పడేలోపు చెట్లు తేల్చుకున్నాయి. రెండొందల డెబ్భై ఒకటి చిగురేశాయి. నూట ఇరవై తొమ్మిది లేవలేదు. అవి అసలు లేనట్టే రికార్డు గనక ఎండినట్టు కూడా ఎవరూ రాయలేదు. మాలకొండయ్య వాటిని తనే కొట్టాడు. తను నీళ్లు పోసిన రత్తమ్మ వరసలో ఒక్కటీ పోలేదు. ఆ సంగతి మస్తానుకు కూడా చెప్పలేదు.

జూలైలో ఒక సాయంత్రం పొద్దు అధికారికంగా గుంకింది. మండలంలో రెండో రోజు మొదలైంది. ఆ సందర్భంగా సభ పెట్టి, 'ఉత్తమ ధ్రువప్రాంత రైతు' అని మాలకొండయ్యకు ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. మందపాటి అట్ట మీద ప్రధాన కమిషనరు సంతకం, పైన దళసరి ప్లాస్టిక్ లామినేషన్. మాలకొండయ్య దాన్ని అటూ ఇటూ వంచి చూశాడు. జన్మలో మొదటిసారి ఒక సర్కారు కాగితం అతనికి నచ్చింది.

మర్నాడు కరెంటు ఆపించి, సర్టిఫికెట్టును కత్తెరతో కోయసాగాడు.

"బాబాయ్, అట్టా కోస్తే కేసయిద్దేమో," అన్నాడు మస్తాను.

"అయితే అవనీ. కొలత సరిపోయిందో లేదో చూడు."

పాత ఫ్యూజు పెట్టె అడుగున ఇంకా ఎవరూ మూయని బెజ్జానికి అది సరిగ్గా సరిపోయింది. నాలుగు మూలలా స్క్రూలు బిగించారు. మధ్యాహ్నం ఎండ ముదిరాక ఒక తొండ దిమ్మె ఎక్కింది. బెజ్జం దగ్గరికొచ్చి ప్రధాన కమిషనరు సంతకానికి ముక్కు ఆనించింది. రెండుసార్లు తల ఊపింది. వచ్చిన దారినే వెనక్కి పోయింది.

మాలకొండయ్య జేబులోంచి పాత పొట్లం తీసి పాదులో పూడ్చిపెట్టి, మోటారు వేశాడు.